అంతా ఆయన చేతిలో ఉన్నప్పుడు అడగడం దేనికి?

పాఠకుల సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా ఇంట్లో రోజూ పూజ నేనే చేస్తాను. డిగ్రీ చదివే మా అబ్బాయి మొన్న ఒక మాట అడిగాడు. "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటావు కదమ్మా. జరగబోయేది ఆయన ముందే రాసిపెట్టాక నువ్వు అడిగితే మారుస్తాడా? మారిస్తే ముందు రాసింది తప్పా? మార్చకపోతే అడగడం వృథా కదా?" అన్నాడు. వాడు వెటకారానికి అడగలేదు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, మీ అబ్బాయి గట్టి ప్రశ్నే అడిగాడు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మూడో పాదంలో ఇదే చర్చ ఉంది. జీవుడు చేసే పని కూడా ఈశ్వరుడి వల్లే జరుగుతోందని ఒక సూత్రం చెబుతుంది. వెంటనే తర్వాతి సూత్రం "కృతప్రయత్నాపేక్షస్తు" అని అందుకుంటుంది. అంటే జీవుడు చేసిన ప్రయత్నాన్ని చూసుకునే ఈశ్వరుడు నడిపిస్తాడు. అలా కాకపోతే "ఇది చెయ్యి, అది చెయ్యకు" అన్న శాస్త్రానికి అర్థమే ఉండదని ఆ సూత్రంలో మిగతా భాగం. కాబట్టి అంతా ఒకేసారి రాసి సంతకం పెట్టేసిన కాగితం లాంటిది కాదు ఈశ్వరుడి సంకల్పం. మన ప్రయత్నం కూడా అందులో ఒక లెక్క.

శంకరులు దీనికి వాన పోలిక చెప్పారు. ఒకే వాన వరి మీదా యవల (బార్లీ) మీదా కురుస్తుంది. వాన లేకుండా ఏదీ మొలవదు. ఏది మొలవాలన్నది మాత్రం విత్తనాన్ని బట్టి ఉంటుంది. రామానుజులు చెప్పిన పోలిక అయితే రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కిన ఎవరికైనా ఇట్టే పడుతుంది. ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న సొత్తును ఒకరు వేరేవాళ్లకు ఇవ్వాలంటే రెండోవారి ఒప్పుదల కావాలి. ఆ ఒప్పుదల లేకుండా పని జరగదు, కానీ ఇద్దామని పూనుకున్నది మొదటి మనిషే. ఈశ్వరుడిది ఆ ఒప్పుదల, అనుమతి. ఇప్పుడు మీ అబ్బాయి చెప్పిన సామెతనే మళ్లీ చూడండి. ఆజ్ఞ శివుడిదే, కుట్టేది మాత్రం చీమే.

ఇక రాసిపెట్టినది ఎంత, మిగిలినది ఎంత అన్నది. పెద్దలు కర్మను మూడుగా చెప్పి బాణాలతో పోల్చారు. అమ్ములపొదిలో ఉన్నవి సంచితం, అంటే ఇదివరకు చేసి పోగుపడినవి. చేతిలో పట్టుకుని ఎక్కుపెట్టబోయేది ఆగామి, అంటే ఇకమీదట చేసేది. వింటి నుంచి వెళ్లిపోయినది ప్రారబ్ధం, అంటే ఇప్పటికే ఫలం ఇస్తున్నది. వెళ్లిపోయిన బాణాన్ని వెనక్కి పిలవలేం. ఎక్కడ పుట్టాం, ఎవరికి పుట్టాం అన్నవి ఆ లెక్కలోవి. చేతిలో ఉన్న బాణం ఇంకా మనదే. ప్రార్థన ఆ చేతిలోని బాణం. అది కూడా ఒక కర్మే, దానికీ ఫలం ఉంటుంది. దేవుడి లెక్కను బయటినుంచి దిద్దే పని కాదది, ఆ లెక్కలోకే కొత్తగా చేరే అంకె.

ఇదంతా పుస్తకం మాటలా అనిపిస్తే, రోజూ పూజ మొదట్లో మీరు చెప్పే సంకల్పాన్నే మీ అబ్బాయికి విప్పి చూపించండి. తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చుని, కేశవ నామాలతో మూడుసార్లు ఆచమనం చేసి, ప్రాణాయామం అయ్యాక అక్షతలు చేతిలోకి తీసుకుంటారు. విరగని బియ్యం గింజలు, పసుపు, చిటికెడు నెయ్యి. నూకలు కలిస్తే అక్షతలు కావు, క్షతం లేనివని కదా ఆ మాటకు అర్థం. తర్వాత మొదటి మాట "మమోపాత్త సమస్త దురితక్షయ ద్వారా". నేను కూడబెట్టుకున్న దురితాలు పోవడం ద్వారా అని. అంటే అడ్డు నావల్లే వచ్చిందని ఒప్పుకున్నాకే అడగడం మొదలవుతుంది.

ఆపైన కాలం, స్థలం చెబుతాం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తారు. మీ నంద్యాల శ్రీశైలానికి నైరుతి దిక్కున ఉంది, కాబట్టి "శ్రీశైలస్య నైర్ఋత ప్రదేశే" అనాలి. హైదరాబాద్‌లో "వాయవ్య ప్రదేశే", విజయవాడలో "ఈశాన్య ప్రదేశే" అంటారు. "కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అన్నది కూడా మీ ఊరికి వర్తించదు, మీరు కృష్ణకు దక్షిణాన ఉన్నారు. ఇది చాదస్తం కాదు. "నేను ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా గోత్రంలో పుట్టి, ఈ పని మొదలుపెడుతున్నాను" అని చెప్పడమే సంకల్పం. చోటు తప్పు చెబితే ఎవరో ఎక్కడో చేస్తున్న పని చదివినట్టే.

తర్వాత కోరికలు వస్తాయి: క్షేమ, స్థైర్య, ధైర్య, విజయ, అభయ, ఆయుః, ఆరోగ్య, ఐశ్వర్య. వరుస గమనించండి. క్షేమం వెంటనే అడిగేది నిలకడ, గుండె దిటవు. డబ్బు వరుసలో చివరిది. నిలకడ అడిగిన మనిషి లేచి ఆ రోజు పని నిలకడగా చేస్తే, ఆ కోరిక అప్పుడే సగం తీరింది. దానికోసం దేవుడు దేన్నీ తిరగరాయక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యం సంకల్పంలో ఆఖరి మాట. "దేహి" కాదు, "కరిష్యే". "ఇవ్వు" కాదు, "చేస్తాను". సంస్కృత వ్యాకరణంలో చేసేవాడికే ఫలం చెందే పనికి వాడే రూపమది. అందుకే ఇంకొకరి తరఫున చేసే పురోహితుడు "కరిష్యామి" అంటారు. ఆ మాట అన్నాక ఒక ఉద్ధరిణెడు నీళ్లతో అక్షతలు పళ్లెంలో వదులుతాం. పూజ పూర్తయ్యాక మళ్లీ నీళ్లు వదులుతూ ఫలం మొత్తం పరమేశ్వరార్పణం అంటాం. మొదట "చేస్తాను", చివర "ఫలం నీది". మీ అబ్బాయి ప్రశ్నలోని రెండు కొసలూ ఈ రెండు ఉద్ధరిణెల నీళ్లలో ఉన్నాయి. నడుమ ఆ ఇరవై నిమిషాలూ ఫోన్‌లో మంత్రాలు పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతే "కరిష్యే" అన్న మాట ఒట్టిదవుతుంది. అంత సమయం లేని రోజున గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం – ఈ అయిదింటితో పంచోపచార పూజ చేయండి. కుదురుగా చేసినా పది నిమిషాలు చాలు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫలితాలు మధ్యాహ్నం వస్తాయంటే పొద్దున్నే గుడికి వెళ్లి మొక్కాను. పేపర్లు ఎప్పుడో దిద్దేశారు, మార్కులు ఎక్కించేశారు, ఇప్పుడు మొక్కితే ఏమొస్తుందని మా వారు నవ్వారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మార్కుల వరకు మీ వారన్నది నిజం. అది వెళ్లిపోయిన బాణం. ఆ పొద్దున మార్కులు మారాలని అడగడం సరైన ప్రార్థన కాదు. ఇంకా జరగనివి చాలా ఉన్నాయి, వాటికోసం అడగండి. అమ్మాయి ఫోన్ మీ ముందు పెట్టినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇంకా రాలేదు. మార్కులు తగ్గితే ఆ రాత్రి ఆ పిల్ల ఒంటరిగా గదిలో ఉంటుందా, మీ పక్కన ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు. రీకౌంటింగుకూ సప్లిమెంటరీ ఫీజుకూ గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరి బుర్రైనా చల్లగా ఉండాలి. స్థైర్యం, ధైర్యం అని సంకల్పంలో అడిగేది ఇలాంటి మధ్యాహ్నాల కోసమే. పరీక్షల ముందు అయితే "చదివింది గుర్తుండాలి, చెయ్యి వణక్కూడదు" అని అడగొచ్చు, అప్పటికి బాణం ఇంకా చేతిలోనే ఉంది.

ప్రశ్న: పదేళ్ల కిందట కట్టిన ముడుపు ఒకటి బీరువాలో దొరికింది. ఎందుకు కట్టామో, ఏ దేవుడికో గుర్తు లేదు. లోపల పాత అయిదు వందల నోటు ఉంది. మొక్కు తీర్చనందుకే ఇంట్లో చిక్కులని మా అత్తగారి భయం.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు ఆ భయం తీసేయండి. బాకీ వసూలుకు వచ్చేవాడిలా దేవుణ్ణి చూడటమే ముడుపుల్లో జరిగే పెద్ద పొరపాటు. ఆ నోటు 2016 నవంబరు 8న రద్దయిన వాటిలోది అయితే ఇక చెల్లదు, హుండీలో వేసినా గుడికి ఉపయోగం లేదు. అంతే సొమ్ము ఇప్పటి డబ్బుగా తీసి, మీ ఇలవేల్పు గుడి హుండీలో "ఎవరికి మొక్కామో ఆ స్వామికే చెందాలి" అనుకుని వేయండి. పాత బట్టను చెట్టు మొదట్లో ఉంచితే సరి.

ఇకమీదట కట్టేటప్పుడు తెల్లని కొత్త గుడ్డ పసుపు నీళ్లలో తడిపి ఆరబెట్టి, అందులో నోటు కాకుండా నాణెమే పెట్టండి. రూపాయి బిళ్ల చాలు, మిగతాది మొక్కు తీరాక కలుపుకోవచ్చు. ఒక చిన్న కాగితం మీద తేదీ, దేవుడి పేరు, ఏం అనుకున్నారో, ఏం చేస్తామన్నారో రాసి దానితోపాటే ముడి వేయండి. ఇంకో జాగ్రత్త. మీ ఒంటితో, మీ డబ్బుతో చేయగలిగినదే మొక్కుకోండి. అడగకుండా కొడుకు తలనీలాలు మొక్కి, వాడు ఒప్పుకోకపోతే ఇంట్లో తగువు. మీ తలనీలాలు మీరు ఇవ్వొచ్చు. తిరుమల కల్యాణకట్టలో దానికి రుసుము కూడా లేదు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. సంకల్పంలో జంబూద్వీపం అనాలా? తిథి ఇండియాదా, ఇక్కడిదా?
– ఒక పాఠకుడు

జవాబు: జంబూద్వీపమంటే పురాణాల లెక్కలో మన దేశం ఉన్న ద్వీపం. అక్కడి అర్చకులు చాలామంది దానికి బదులు "క్రౌంచద్వీపే" అని చెప్పిస్తారు, మీ గుడిలో ఎలా చెబుతారో అలాగే అనండి. తిథి మాత్రం మీ ఊరి సూర్యోదయాన్ని బట్టే. డల్లాస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అందుకే ఇక్కడి క్యాలెండరు చూసి చేస్తే ఏకాదశి, చవితి వంటివి ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. మీ ఊరికి గణించిన పంచాంగం వాడండి.

ప్రశ్న: నాన్నగారికి ఒంట్లో బాగవ్వాలని 41 రోజుల విష్ణుసహస్రనామ పారాయణ మొదలుపెట్టాను. 26వ రోజున ఆయన పోయారు. నా పారాయణలో ఏం లోపం జరిగింది? మిగతా 15 రోజులు చదవాలా?
– ఒక కూతురు, శ్రీకాకుళం

జవాబు: తల్లీ, లోపం వల్ల ఆయన పోలేదు. ఉచ్చారణ తప్పిందనో, ఒక పూట ఆలస్యమైందనో తండ్రి ప్రాణం తీసుకునే దేవుణ్ణి మన పెద్దలు ఎక్కడా చెప్పలేదు. పూజ చివర "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని మూడు లోపాలూ ఒప్పుకుని, అయినా పరిపూర్ణం కావాలని అడిగే శ్లోకం అందుకే ఉంది. మీరు చదివిన ఆ స్తోత్రం ఎక్కడిదో ఒకసారి తలుచుకోండి. మహాభారతంలో అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకు చెప్పినది. కృష్ణుడు అక్కడే ఉన్నాడు. అయినా తాతను బతికించమని ఆయన్ను ఎవరూ అడగలేదు. పోయే మనిషి పక్కన కూర్చుని ఆ వెయ్యి నామాలు విన్నారు. 26 రోజులు, రోజుకు దాదాపు అరగంట, మీరూ అలాగే మీ నాన్నగారి పక్కన ఉన్నారు.

ఆరోగ్యం కోసం చేసిన సంకల్పం ఆయనతోనే ముగిసింది. మిగతా రోజులు మీ మీద అప్పు కాదు. పెళ్లయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులంటారు, పెళ్లి కాకపోతే ఇంట్లోవాళ్లతోపాటే పది. మీ ఇంటి పద్ధతి పురోహితుణ్ణి అడగండి. ఆ రోజుల్లో దీపం, పూజ ఉండవు, మనసులో నామం అనుకోవడానికి అడ్డులేదు. శుద్ధి అయ్యాక చదవాలనిపిస్తే పాత లెక్క కొనసాగించకుండా, "పితుః ఉత్తమలోక ప్రాప్త్యర్థం" అని కొత్త సంకల్పం చెప్పుకుని ఆ 15 రోజులూ చదవండి. గొంతు పూడుకుపోయిన రోజున పుస్తకం మూసేసి, ఆగిన నామం దగ్గర ఒక పువ్వు పెట్టండి. మర్నాడు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.