సీఆర్పీ తక్కువ వచ్చిందని మేం నిశ్చింతగా పడుకున్న రాత్రి

జ్వరం మొదలైన రోజు సీఆర్పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) తక్కువొస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా, ప్రోకాల్సిటోనిన్ (బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో పెరిగే మరో పదార్థం) పరీక్ష కూడా చేయించాలా అని అడిగారు. లేనట్టు కాదండీ. ఆ తక్కువ చూసుకునే మేం మోసపోయాం.

మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు, షుగరు. రెండు రోజులుగా మూత్రంలో మంట అంటూనే ఉంది, ఎవరం చెవిన పెట్టలేదు. మూడో రోజు రాత్రి భోజనాల వేళ చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పి, పైన నేను అదిమి పట్టుకున్నా ఆగలేదు. నవారు మంచం కోళ్లు గచ్చు మీద టకటకలాడాయి. మా ఆయన వీధి చివరి ఆరెంపీని తీసుకొచ్చారు. ఆయన మోనోసెఫ్ అనే యాంటీబయాటిక్ సూది వేసి, తర్వాత రక్తం తీసుకెళ్లాడు. కాసేపటికి ఫోను: "సీఆర్పీ 14 అమ్మా, వైరలే, పడుకోండి." పడుకున్నాం.

తెల్లవారుజామున అత్తయ్య నన్ను మా ఆడపడుచు పేరుతో పిలిచింది. గోళ్లు నీలంగా ఉన్నాయి, చేతులు మంచుముద్దలు. ఆసుపత్రికి చేరేసరికి పై బీపీ 80. అక్కడ సీఆర్పీ 96, ప్రోకాల్సిటోనిన్ 38. అది అర దాటితేనే డాక్టర్లు అనుమానిస్తారు.

సీఆర్పీ అబద్ధం చెప్పలేదు, ఆలస్యంగా వచ్చింది. క్రిమి తగలగానే తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు పంపుతాయి, అది ఒకటి రెండు గంటల్లోనే పెరుగుతుంది. ఆ కబురందుకుని లివరు సీఆర్పీ తయారుచేసి రక్తంలోకి వదిలేసరికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ప్రోకాల్సిటోనిన్ మామూలుగా థైరాయిడ్‌లో పుట్టి అక్కడే కాల్సిటోనిన్‌గా మారిపోతుంది. బాక్టీరియా రక్తంలో పడితే మాత్రం ఒళ్లంతా దాన్ని తయారుచేస్తుంది, నాలుగు గంటలకే కనబడుతుంది. అలాగని అదే వేదమనుకోకండి. పెద్ద ఆపరేషన్లకీ, కాలిన గాయాలకీ, మలేరియాకీ కూడా పెరుగుతుంది. 2021 అంతర్జాతీయ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) మార్గదర్శకాలు కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది దీన్నిబట్టి తేల్చొద్దనే చెప్పాయి. ఎప్పుడు ఆపాలో తేల్చడానికి పనికొస్తుందట.

నా కడుపుమంట వేరే ఉంది. ఆసుపత్రిలో రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్‌కి (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకి) తీశారు, సీసాకి పది ఎమ్మెల్. ఐదు రోజులు మెషీన్లో ఉంచినా ఏ క్రిమీ పెరగలేదు. ముందురోజు సూది చేసిన నిర్వాకం అదేనని నేను ఇప్పటికీ అంటాను. ఏ క్రిమో తెలియక చాలా రకాల క్రిముల మీద పనిచేసే మెరోపెనెం అనే యాంటీబయాటిక్‌తోనే లాగాల్సి వచ్చింది. కల్చర్‌కి రక్తం తీసి, ఆ వెంటనే సూది వేస్తే ఎవరి సొమ్ము పోయింది? మా వైపు ఏ జ్వరానికైనా వైడాల్ అనే రక్తపరీక్ష చేసి, కాస్త ముద్దకట్టినట్టు కనబడితే టైఫాయిడ్ అనేస్తారు. కల్చర్ అడిగితే మాత్రం వింతగా చూస్తారు. నన్నడిగితే షుగరున్న పెద్దవాళ్లకి మంచం ఊగేంత చలి వస్తే, ఇలాంటి ఏ పరీక్ష అంకె కోసమూ చూడక్కర్లేదు. తిన్నగా కల్చర్ సౌకర్యమున్న ఆసుపత్రికే.

ప్రోకాల్సిటోనిన్ మాకు అక్కరకొచ్చింది చివర్లోనే. 38, 17, 8 అంటూ దిగి తొమ్మిదో రోజుకి 0.4కి వచ్చాక మందు ఆపేశారు. అత్తయ్య మాత్రం చూడవచ్చిన వాళ్లందరికీ తనకు కాల్షియం ముప్పై ఎనిమిదికి పోయిందని చెబుతోంది. ఎదురింటావిడ నిన్న కాల్షియం బిళ్లలు మానేసిందట.