పైలట్ కోర్సు కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఏలూరు. నా వయసు 50. జీతం చేతికి రూ.1,05,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.45,000. అబ్బాయి మెకానికల్ బీటెక్ మూడో ఏడాది. అది మానేసి పైలట్ కోర్సులో చేరతానంటున్నాడు. శిక్షణకు రూ.50 లక్షలు, టైప్ రేటింగ్‌కు (ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక శిక్షణ) రూ.18 లక్షలు అవుతాయట. ఇంటిపై రూ.60 లక్షల మార్ట్‌గేజ్ లోన్ తీసుకుని, మిగతాది ఎఫ్‌డీలో ఉన్న రూ.9 లక్షల్లోంచి కడదామనుకుంటున్నాను.

జవాబు: వద్దు. లైసెన్స్ వచ్చిన మర్నాడే ఉద్యోగం అన్న లెక్కతో ఇల్లు తాకట్టు పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. మార్ట్‌గేజ్ లోన్‌కు కిస్తీ వచ్చే నెల నుంచే మొదలవుతుంది. 11 శాతం వడ్డీతో పదేళ్లకు నెలకు దాదాపు రూ.82,650. మీకు మిగిలేది రూ.22,350. ఎఫ్‌డీ కూడా ఫీజుకే పోతే మిగతా ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ పాడా?

ఆ రూ.9 లక్షలు ముట్టుకోకండి. అవి ఇరవై నెలల ఇంటి ఖర్చు. లైసెన్స్ వచ్చాక ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. ఖాళీగా ఉన్నా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడపగలరన్న అర్హత) ఏటా రెన్యువల్ చేయించాలి, దానికి మళ్లీ విమాన గంటలు కొనాలి. మీకు టర్మ్ జీవిత బీమా పాలసీ ఉందో లేదో రాయలేదు. లేదనే అనుకుంటున్నాను. లోన్‌పై సంతకం పెట్టే ముందే కోటి రూపాయలకు తీసుకోండి. అబ్బాయి పేర తీసుకునేటప్పుడు విమాన శిక్షణ సంగతి ప్రపోజల్‌లో రాయించండి. మామూలు ప్రమాద బీమా పాలసీలు టికెట్ కొన్న ప్రయాణికుడికే తప్ప విమానం నడిపేవారికి సాధారణంగా వర్తించవు.

అప్పు తప్పదంటే విద్యా రుణం తీసుకోండి. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆమోదించిన సంస్థ అయితే బ్యాంకులు ఇస్తాయి. దీనికీ ఇల్లు హామీగా పెట్టాల్సిందే, కానీ కోర్సు కాలం, ఆపై సాధారణంగా ఒక ఏడాది కిస్తీ ఉండదు. వడ్డీ మాత్రం ఆగదు. రూ.50 లక్షలూ తీసుకున్నాక అదే 11 శాతానికి నెలకు రూ.45,800 దాకా పోగవుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే కట్టిన వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు దక్కుతుంది.

పైసా కట్టే ముందు పైలట్లకు డీజీసీఏ పెట్టిన క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 వైద్య పరీక్షలు చేయించండి. ఫీజు కట్టాక రంగుల గుర్తింపులో లోపం బయటపడి ఆగిపోయినవాళ్లున్నారు. ఉద్యోగంలో చేరాక కూడా క్లాస్ 1 ఏటా నెగ్గాలి. ఏదో ఒక ఏడాది తప్పితే ఇల్లు గడిపేది ఆ బీటెక్కే. కాబట్టి డిగ్రీ మానిపించకండి. పైలట్ కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చాలన్నది నిజమే, అయినా సరే. ఈలోగా కంప్యూటర్ నంబర్ (డీజీసీఏ పరీక్షలు రాయడానికి ఇచ్చే నమోదు సంఖ్య) తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు రాయవచ్చు. పాసవ్వడానికి 70 శాతం రావాలి. ఖర్చు వేలల్లోనే. అవి గట్టెక్కకపోతే లక్షల మాట అక్కడే ఆపేయండి.

ఫీజు ఒకేసారి కట్టొద్దు. వానలు, షెడ్డులో ఉన్న విమానాలు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత వల్ల లైసెన్స్‌కు కావాల్సిన 200 విమాన గంటలు చెప్పిన గడువులో పూర్తికాకపోవడం మామూలే. ఎన్ని గంటలు ఎగిరితే అంతకే విడత అని ఒప్పందంలో రాయించుకోండి. టైప్ రేటింగ్ సంగతి ఎయిర్‌లైన్ నుంచి పిలుపు వచ్చాకే.