పాత కడప బండ వంటగట్టును తక్కువ ఖర్చులో బాగుచేయించాలంటే ఏం చేయాలి?

ఒంగోలులో పాత ఇల్లు, కడప బండ గట్టు నిండా తెల్లమచ్చలు, పైన మార్బుల్ డిజైన్ స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి స్టిక్కర్ జోలికి వెళ్లొద్దండి. పొయ్యి వేడికి, సింకు దగ్గర తడికి అంచులు లేచిపోతాయి. వాటి కింద నీళ్లు నిలిచి వాసనొస్తుంది.

మా అమ్మ వంటింట్లోనూ ఇదే బండ. చింతపండు నానేసిన గిన్నె ఎక్కడ పెట్టేదో అక్కడ గుండ్రంగా తెల్లటి చార ఉండేది. అది మురికి కాదు. కడప బండ సున్నపురాయి జాతి కాబట్టి చింతపండు, నిమ్మరసం, మామిడికాయ, ఏ పులుపు పడినా పాలిష్ తినేస్తుంది. ఎంత తోమినా ఆ చార పోదు. బాత్రూం యాసిడ్ పోశారో, ఉన్న నునుపు కూడా పోతుంది. కొబ్బరినూనె రాస్తే నల్లగా కనిపిస్తుంది గానీ నాలుగు రోజులకే జిడ్డు, దుమ్ము పడతాయి.

బండ పగలకుండా, కదలకుండా ఉంటే రీపాలిష్ చాలు. మేమూ అదే చేయించాం. గ్రానైట్ పనివాళ్ల దగ్గర చేతి మెషీన్ ఉంటుంది. నీళ్లు పోస్తూ ముతక ప్యాడ్‌తో మొదలుపెట్టి నున్నటి ప్యాడ్ దాకా వరసగా రుద్దుతారు. బూడిదరంగు బురద కింది అరల్లోకి కారుతుంది, ముందే గిన్నెలన్నీ తీసేయండి. గోడ మూలల్లోకి మెషీన్ వెళ్లదు, అక్కడ చేత్తో రుద్దాలని బేరమప్పుడే చెప్పండి. ఆ తర్వాత పులుపు ఒలికితే వెంటనే తుడిచేయాలి. మా అమ్మ ఇప్పుడు చింతపండు గిన్నె కింద పళ్లెం పెడుతోంది.

బండ పగిలి ఉంటే మాత్రం పైన గ్రానైట్ వేయించండి. కర్నూలు రోడ్డులో చీమకుర్తి మనకు పక్కనే. బంగారు చుక్కల గెలాక్సీ గ్రానైట్ పుట్టిల్లు అదే. పెద్ద స్లాబులు కోయగా మిగిలిన ముక్కలు అడగండి, ఫుల్ స్లాబ్ కంటే చవగ్గా వస్తాయి. గ్రానైట్‌కు చింతపండు భయం ఉండదు. ముక్కల అతుకు మాత్రం సింకు దగ్గర, పొయ్యి దగ్గర రాకుండా చూసుకోండి. పాత బండ మీద జిడ్డు వదిలించి, గ్రైండర్‌తో గరుకు చేయించాకే స్టోన్ అడ్హెసివ్ పెట్టించండి, లేకపోతే పట్టదు. గట్టు ఎత్తు దాదాపు అంగుళం పెరుగుతుంది. వంట చేసేవాళ్లు పొట్టిగా ఉంటే రోజూ భుజాలు లాగేస్తాయి. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు గట్టు మీద అంగుళం చెక్క పెట్టి, దానిపై పొయ్యి ఉంచి, వాళ్లనే నిలబడి గరిటె తిప్పి చూడమనండి.