అమెజాన్ వీరవనితలు నిజంగా ఉండేవారా?

ప్రశ్న: గ్రీకు పురాణాల్లోని అమెజాన్ల గురించి చదివాను. మగవాళ్ళే లేని రాజ్యమట, విల్లు లాగడానికి అడ్డమని కుడి రొమ్ము తీయించుకునేవారట. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు

జవాబు: రాజ్యం కట్టుకథ. యుద్ధాలు చేసిన ఆడవాళ్ళు మాత్రం నిజం.

అమెజాన్ల రాజధాని థెమిస్కిరా నల్లసముద్రం దక్షిణ తీరాన, అంటే ఇప్పటి టర్కీలో, ఉండేదని గ్రీకులు చెప్పుకున్నారు. అక్కడ ఆడవాళ్ళే ఏలిన రాజ్యం ఉందనడానికి ఆధారాల్లేవు. ఇక కథల సంగతి చూడండి: పెంథెసిలియాను అకిలీస్ చంపేస్తాడు, హిప్పోలిటా నడికట్టు హెరక్లీస్ పట్టుకుపోతాడు, ఆంటియోపీని థీసియస్ ఎత్తుకుపోతాడు. అమెజాన్ ఎంత వీరురాలైనా చివరికి గెలిచేది గ్రీకు మగాడే!

రొమ్ము సంగతి అసలు నమ్మకండి. గ్రీకు కుండల మీద, శిల్పాల్లో అమెజాన్లకు రెండు రొమ్ములూ ఉంటాయి. ఆడవాళ్ళు ఒలింపిక్స్‌లో బాణాలు వేయడం చూస్తూనే ఉన్నాం, ఎవరికి అడ్డమొచ్చింది?

మరి కథ ఎక్కడినుంచి పుట్టింది? ఆ కుండల మీది అమెజాన్లు చాలాచోట్ల ప్యాంట్లు, కోసుగా ఉండే టోపీలు వేసుకుని కనిపిస్తారు. అది నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లో గుర్రాల మీద బతికిన సిథియన్ల వేషం. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా అటే వేలు చూపించాడు. అమెజాన్లు సిథియన్ కుర్రాళ్ళతో కలిశారని, వాళ్ళ సంతతే సౌరోమేషియన్లనే తెగ అని, శత్రువును చంపనిదే అక్కడ ఆడపిల్లకు పెళ్ళి కాదని రాశాడు. పెళ్ళి షరతు ఎంత నిజమో గానీ, ఆయుధాల మాట మట్టిలోంచే బయటపడింది. 2019లో రష్యాలోని వొరోనెజ్ ప్రాంతంలో, దెవిత్సా గ్రామం దగ్గర, క్రీ.పూ. 4వ శతాబ్దపు సమాధి ఒకటి దొరికింది. అందులో నలుగురు ఆడవాళ్ళు. ఒకరికి పన్నెండు పదమూడేళ్ళు, పెద్దామెకు దాదాపు యాభై, తలమీద బంగారు అలంకారం. ఇనుప బాణపు ములుకులు, ఈటెలు, గుర్రపు సామాను కూడా ఉన్నాయి. ఒక యువతినైతే గుర్రమెక్కినట్టు కాళ్ళు పెట్టి పూడ్చారు. ఇలాంటివి ఉక్రెయిన్ నుంచి కజకిస్తాన్ దాకా దొరికాయి, అయితే వాళ్ళు మగవాళ్ళతో కలిసి బతికిన తెగల ఆడవాళ్ళే.

ఇన్నాళ్ళూ తెలియకపోవడానికి ఒక కారణం, ఆయుధం కనిపిస్తే చాలు మగాడి సమాధి అని రాసేయడం. సైబీరియాలోని తువాలో 1988లో గొడ్డలి, విల్లు, అమ్ములపొదితో దొరికిన పిల్లవాడు, 2020లో డీఎన్ఏ పరీక్ష చేస్తే, ఆడపిల్లని తేలింది.