వాసన గుర్తింపు పరీక్ష ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

చెన్నైలో ఉంటున్న మీ అమ్మగారికి 40 వాసనల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయని, వాటిని నమ్మవచ్చా అని అడిగారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆ పరీక్షలో, కాగితం మీది పూతను పెన్సిల్‌తో గీకి, వాసన చూసి, ఇచ్చిన నాలుగు పేర్లలో ఒకటి తప్పనిసరిగా ఎంచుకోవాలి కనుక, ఏ వాసనా తెలియనివారికి కూడా సుమారు 10 జవాబులు ఊహతోనే సరైనవి అవుతాయి. అదే మనిషికి మళ్లీ పెడితే ఫలితం చాలావరకు నిలకడగానే వస్తుంది. కానీ నిలకడ ఉన్నంత మాత్రాన వాసన శక్తి తగ్గిందన్న నిర్ధారణ సరైనదని చెప్పలేము. ఇంగువ, కరివేపాకు ఇట్టే చెప్పగల ఇల్లాలు, ఎన్నడూ ఎరగని వింటర్‌గ్రీన్ (ఒక సుగంధ మొక్క), రూట్ బీర్ (అమెరికాలో తాగే ఒక శీతల పానీయం) దగ్గర, వాసన చక్కగా తగిలినా పేరు తెలియక తప్పుతుంది. వాసన ఎంత పలుచగా ఉన్నా తెలుస్తోందో కొలిచే పరీక్షకు పేర్లతో పనిలేదు. దాన్ని కూడా తప్పక చేయించండి. మార్కులను ఆమె వయసు స్త్రీల ప్రమాణంతోనే పోల్చారా అని వైద్యుణ్ణి అడగండి.