అమ్ములుకి, ప్లస్సూ మైనస్సూ రెండూ చూడమని

అమ్ములూ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసి నన్ను వాయించేసింది. "నీ మేనకోడలు చెవులకి తగిలించుకునేదానికి కారు డౌన్‌పేమెంటంత పోస్తోంది. పైగా దాని ఆంప్లిఫయర్ మిషను తనే ఇంట్లో చేసుకుంటుందట. చిన్నప్పుడు షాపులో కూర్చోబెట్టి నువ్వే చెడగొట్టావు" అంది. తిట్లన్నీ తిన్నాను గానీ లోపల ఎంత పొంగిపోయానో అక్కకి చెప్పలేదు. గంటస్తంభం దగ్గర సందులో మన షాపు గుర్తుందా? ఆరేళ్ళ పిల్లవి, పిక్చర్ ట్యూబు టీవీ ఆపగానే తెర మీద చెయ్యి పెట్టి, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటుంటే పకపకా నవ్వేదానివి. బిల్లు పుస్తకం చింపి ఆ ముక్కలు తెరకి అంటించేదానివి. ఆ పుస్తకానికి ఇప్పటికీ లెక్క తేలలేదు. ఇప్పుడు నువ్వు కొంటున్న ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ పలికేది సరిగ్గా ఆ లాగుడుతోనే.

ఆ పొంగు రాత్రి రెండింటిదాకా ఉంది. తర్వాత "మిషను తనే చేసుకుంటుందట" అన్న ముక్క గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. ఇక నిద్ర లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు కొనడం సంగతి. నీ లిస్టు మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. స్టాక్స్ కంపెనీ వాళ్ళవే రెండు రాశావు, ఎస్ఆర్-ఎల్700, ఎస్ఆర్-007. రెండూ మంచివే. 1960 నుంచీ ఆ జపాన్ వాళ్ళు ఇదే పని మీద ఉన్నారు. ఎల్700 పెట్టెలా ఉంటుంది, తేలిక, మాట స్పష్టంగా ముందుకొస్తుంది, ఆంప్‌ని మరీ సతాయించదు. 007 గుండ్రంగా, నిండుగా, కాస్త నెమ్మదిగా పలుకుతుంది, కానీ చిన్న ఆంప్‌కి లొంగదు. దాన్ని తీసుకెళ్ళి ఎస్ఆర్ఎం-252 లాంటి చిన్న ఆంప్‌కి తగిలించి "ఇంతేనా మావయ్యా" అని నాకు ఫోన్ చెయ్యకు. వాళ్ళవే ఇంకా ఖరీదైనవి, ఎస్ఆర్-009, ఎక్స్9000 అని కింద చిన్న అక్షరాలతో రాశావు చూడు, అవి చిన్న అక్షరాల్లోనే ఉండనీ. పై శ్రుతుల విషయంలో మాత్రం నన్ను నమ్మకు. అరవై ఎనిమిదేళ్ళ చెవి నాది, పది వేల హెర్ట్జ్ దాటితే నాకు ఏకాదశే.

వినేటప్పుడు నీ ఎలక్ట్రానిక్ డప్పులు పెట్టుకుని నిర్ణయించకు. బొబ్బిలి వీణ పెట్టు. ఒంటి పనసకర్రతో తొలిచిన వీణ అది. మీటిన వేలు తీగని వదిలే క్షణం, తర్వాత గమకంలో తీగ మెట్టు మీద రాసుకునే సన్నని చప్పుడు, ఆ రెండూ విడివిడిగా వినిపించాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు దొరికితే అవీ విను. గరగర నిండా ఉంటుంది, అయినా గరగర ఒక పక్కా కమాను ఒక పక్కా నిలబడతాయి. సుశీలమ్మ గొంతు ఎలాగూ వింటావు, విజయనగరం పిల్లవి కదా. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. తప్పెటగుళ్ళ వాళ్ళ ఎదురుగా నిలబడితే రొమ్ముకి తగిలే దెబ్బ ఉంటుందే, అది ఇందులో ఆశించకు. ఆ దెబ్బ కావాలంటే అయస్కాంతం, కాయిల్ ఉన్న మామూలు హెడ్‌ఫోనే నయం, ఖర్చూ తక్కువ.

జత కలపడం. ఈ హెడ్‌ఫోన్‌లో ఉండేది చాలా పల్చని ప్లాస్టిక్ పొర, మన తల వెంట్రుక మందంలో ఎన్నో వంతు కూడా ఉండదు. దానికి చెరో పక్కా జల్లెడలాంటి ప్లేటు. పొర మీద ఎప్పుడూ చార్జ్ నిలిచి ఉంటుంది, పాట వోల్టేజీ ప్లేట్ల మీదికి వస్తుంది, ఒకటి లాగితే ఒకటి తోస్తుంది. ఆ చార్జ్ కోసం ఇచ్చే వోల్టేజీ స్టాక్స్ వాళ్ళ 'ప్రో'కి 580, ప్లగ్గుకి ఐదు పిన్నులు. పాత 'నార్మల్' రకానికి 230, పిన్నులు ఆరు. కాస్ అనే ఇంకో కంపెనీది 600, ప్లగ్గే వేరు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని ఆరు పిన్నులది కొని, అడాప్టర్ చేయించి 580లో దూర్చే తెలివి ఎవరైనా నేర్పితే వినకు. పొర పోయి ప్లేటుకి అంటుకుంటుంది. పాతది కొనేముందు గంటసేపు ఆన్‌లో ఉంచమని అడుగు. ఒక చెవి తగ్గినట్టుంటే ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి తిప్పి పెట్టుకుని చూడు, లోపం హెడ్‌ఫోన్‌దో నీ చెవిదో తేలుతుంది.

జపాన్ నుంచి తెప్పించే ఆంప్ 100 వోల్టులది. మన గోడలో 230. ఇది నీకు తెలుసని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను. సంతలో దొరికే 110 ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, సరిగ్గా 100 ఇచ్చేదే తీసుకో.

మార్పులు చేర్పులు. మూడు రాశావు. 007 మార్క్ టూ కప్పులో ఉండే రంధ్రాన్ని బ్లూటాక్ అనే అంటుకునే ముద్దతో మూయడం: చెయ్యి. కింది శ్రుతుల ఉబ్బు తగ్గి గట్టిపడుతుంది, నచ్చకపోతే గోటితో లాగెయ్యొచ్చు. కుషన్లు మార్చడం: చెయ్యి, కానీ పాతవి పారేయకు. వెండి తీగతో మూడు మీటర్ల కొత్త కేబుల్: ఎందుకే? ఈ హెడ్‌ఫోనే ఒక కెపాసిటర్, అంటే చార్జ్ పట్టి ఉంచేది. ఎల్700 లాంటి లాంబ్డా రకం తీసుకో, కేబుల్‌తో కలిపి 110 పికోఫారడ్ దాకా ఉంటుంది. శ్రుతి పైకి పోయేకొద్దీ ఆంప్‌కి అదే బరువు. కేబుల్ పొడుగైతే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. వాళ్ళు వైర్లని దూరం దూరంగా పరిచి బద్దలా కేబుల్ చేసింది అందం కోసమా? ఆ డబ్బుతో మీ అమ్మకి ఒక బొబ్బిలి చీర కొను.

పొర మీద దుమ్ము కనిపిస్తోందని జల్లెడ విప్పి నోటితో ఊదకు. తలంటుకున్న తడి జుట్టుతో, సాంబ్రాణి వేసుకున్న వెంటనే, కొబ్బరినూనె రాసుకుని అస్సలు పెట్టుకోకు. ఇక్కడికి తెస్తే మాత్రం సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టుకురా. మన సముద్రపు గాలికి తేమ పట్టి ఒక చెవి నీరసపడితే కంగారు పడి విప్పకు. ఆన్ చేసి పెట్టి కాసేపు వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఇక అసలు సంగతి.

కెవిన్ గిల్మోర్ గీసిన కేజీఎస్ఎస్-హెచ్‌వీ అనే ఆంప్ సర్క్యూట్ బోర్డులు తెప్పించావట. మంచి సర్క్యూటే. కానీ దాని సప్లై ఎంతో చూశావు కదా. ప్లస్ నాలుగొందల పైన, మైనస్ నాలుగొందల పైన. హెడ్‌ఫోన్‌లోకి వెళ్ళే 580 నన్ను భయపెట్టదు. అది మెగా ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది, చురుక్కుమనిపించి ఊరుకుంటుంది. ఆంప్ లోపల ఉన్నది అలాంటిది కాదు. స్విచ్ కట్టేసినా పెద్ద కెపాసిటర్లలో కూర్చుని ఉంటుంది.

ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కొంత తెలుసు.

1996. మీ అత్త తమ్ముడు, సోంపేట బాబాయి, అప్పుడు సరుకు ఓడ మీద ఉండేవాడు. యోకొహామాలో ఎవరో అమ్మేస్తుంటే ఒక లాంబ్డా ప్రో, దాని ఆంపూ తెచ్చాడు. మన ఊళ్ళో ఒక వీణ మాస్టారి కోసం అవి. ఆయనకి అప్పటికే చెవి మందగిస్తోంది. "పోయేలోపు నా తీగ నేను సరిగ్గా వినాలిరా" అన్నాడు. కొన్నాళ్ళు విన్నాడు కూడా. తర్వాత ఒక చెవి మూగపోయింది, ఆంప్ నా బల్ల మీదికొచ్చింది.

అప్పటికి పదిహేనేళ్ళు టీవీలు బాగుచేసినవాణ్ణి. పిక్చర్ ట్యూబుకి ఇరవై వేల వోల్టులు, దాన్నే స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించి ఖాళీ చేసేవాణ్ణి, పక్కవాళ్ళు అదిరిపడుతుంటే గొప్పగా ఉండేది. ఆ గొప్పే చేసిందంతా. టీవీ సప్లైకి ఒక్కటే పెద్ద కెపాసిటర్. దాన్ని ఖాళీ చేస్తే పని అయిపోయినట్టే. చేతికి అదే అలవాటు. ఆ రోజు కూడా ప్లగ్గు పీకాను, పెద్ద కెపాసిటర్ కాళ్ళకి రెసిస్టర్ పెట్టాను, మీటర్ పెట్టి సున్నా చూశాను. పక్కన ఇంకొకటి, అచ్చం అలాంటిదే, మైనస్ వైపుది. చూశాను అమ్ములూ. కంటితో చూశాను. చెయ్యి మాత్రం "అయిపోయింది" అనుకుంది.

షాపులో పని నేర్చుకునే కుర్రాడు ఒకడుండేవాడు, సాలూరు వైపు నుంచి వచ్చాడు, పదహారేళ్ళు. "బోర్డు పట్టుకోరా, నేను కింద టంకం పెడతాను" అన్నాను. వాడు అడిగాడు కూడా. "ఖాళీ చేసేశారా మాస్టారూ?" అని. "ఆ, అయిపోయింది, పట్టుకో" అన్నాను.

ఎడమ చెయ్యి ఆంప్ లోహపు చాసీ మీద, కుడి చెయ్యి బోర్డు మీద. కేక కూడా రాలేదు. స్టూలు మీంచి వెనక్కి పోయి గోడకి తల కొట్టుకున్నాడు. ఆస్పత్రికి రిక్షాలో తీసుకెళ్ళాను, దారంతా వాడి అరచెయ్యి నా చేతిలోనే ఉంది, బొటనవేలి దగ్గర మాడిన మచ్చ. బతికాడు. మూడు రోజులుంచి పంపేశారు. వాళ్ళమ్మ సాలూరు నుంచి బస్సులో వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. సంచిలోంచి జామకాయలు తీసి "మాస్టారికి ఇవ్వమన్నాడు" అని నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

వాడు తర్వాత షాపుకి రాలేదు. నేనూ రమ్మనలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని బాగానే ఉన్నాడు, ఉగాదికి ఫోన్ చేస్తాడు. ఆ ఆంప్‌లో ఉన్నది ఒక్క టంకం పగులు. నెల తర్వాత బాగుచేసి ఇచ్చాను. మాస్టారు "ఏం పట్టింది నాయనా ఇన్నాళ్ళు" అన్నాడు. చెప్పలేకపోయాను.

అందుకే నీ మీద గట్టిగా అరవాలనిపిస్తోంది, అరిచినా నువ్వు మానవని తెలుసు. నీకు తెలివి లేదని నా భయం కాదు. నాకూ అప్పుడు తెలివి ఉంది. రాత్రి పదకొండింటికి, ఆఫీసు పని అయ్యాక, బెంగళూరు గదిలో ఒక్కదానివీ కూర్చుని, ఆవలిస్తూ పెట్టె మూత తీస్తావే, ఆ ఆవలింతంటే భయం.

కాబట్టి విను. బోర్డుల మీద సామాను ఎక్కించడం, టంకం, హీట్‌సింకులు బిగించడం, అదంతా నువ్వు అక్కడ చేసుకో. హీట్‌సింకులు పెద్దవే కొను, ఇది బాగా వేడెక్కే జాతి. కరెంటు మాత్రం ఇవ్వకు. నీ గదిలో మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కి పోతోందో లేదో ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించు. అద్దె ఇళ్ళలో అది అలంకారానికే ఉంటుంది. మన ఇంట్లో ఎర్త్ గుంతలో ఎండాకాలం ఉప్పునీళ్ళు పోయించేది మీ అమ్మమ్మ, మేమేమో ఆవిడకి చాదస్తం అనుకునేవాళ్ళం.

దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం. సెలవు పెట్టు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, డబ్బా ఒళ్ళో పెట్టుకుని రా. అమ్మవారిని చూశాక మన పాత బల్ల మీద ఇద్దరం కలిసి మొదటిసారి కరెంటిద్దాం. కరెంటు దారిలో వరసగా పెట్టే సిరీస్ బల్బు సిద్ధంగా ఉంది. హెడ్‌ఫోన్ ముందే తగిలించకు, రెండు వైపులా అవుట్‌పుట్ సున్నాకి వచ్చి అక్కడే నిలబడిందని మీటర్‌లో చూశాకే. ఒక చెయ్యి వీపు వెనక. నవ్వకు, నేనూ అలాగే నిలబడతాను.

నువ్వు ఆగలేవని అనుమానం ఉంది. అందుకని రేపు కొరియర్‌లో ఒక చిన్న పార్సెల్ పంపుతున్నాను. అందులో రెండు కర్రలు ఉంటాయి. ఒక్కోదానికీ చివర 4.7 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ కట్టాను, పైన రబ్బరు స్లీవు. ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి నీలం టేపు. ఎర్రది ప్లస్సుకి, నీలంది మైనస్సుకి. ఒకటే కర్ర చాలు, రెండు వైపులా దాంతోనే చెయ్యొచ్చు. అయినా రెండు పంపుతున్నాను. ఒకటి వాడి పక్కన పెట్టాక రెండోది బల్ల మీద మిగిలి కనిపించాలి నీకు.

ధర గురించి మీ అమ్మకి పదిహేను వేలని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. పార్సెల్ అందగానే ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతయినా సరే, మెలకువగానే ఉంటాను.

మీ చిన్న మావయ్య