ముల్లు తీసేసినా వేలి వాపు తగ్గడం లేదు.. ఎక్స్‌రేలో ఏమీ లేదంటున్నారు!

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పొలం గట్ల మీది సర్కారు తుమ్మ కొట్టి, మొద్దులు చీల్చి, ఎండబెట్టి పొయ్యికి వాడుకుంటాం. మిగిలినవి అమ్ముతాం. నెలన్నర కిందట కట్టెలు పేరుస్తుంటే కుడిచేతి చూపుడు వేలి మధ్య కణుపులో ముల్లు దిగింది. పిన్నీసుతో తీసేశాను. నాలుగు రోజులకు నొప్పి పోయింది. రెండు వారాల తర్వాత కణుపు వాచింది. యాంటీబయాటిక్ వాడితే తగ్గింది, ఆపగానే మళ్లీ వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కీళ్లవాతమని ఒకరు, షుగర్ వల్లనని ఇంకొకరు అంటున్నారు. ఆరేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. గొడ్డలి పట్టలేకపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు: మీరు చెప్పిన వరుసను బట్టి ముల్లు కొస విరిగి ఇంకా కణుపులోనే ఉండొచ్చని గట్టి అనుమానం వస్తోంది. గుచ్చుకున్నప్పుడు నొప్పి, తర్వాత కొన్నాళ్లు ఏమీ లేకపోవడం, ఆ తర్వాత ఒక్క కీలు మాత్రమే వాచడం, మందు ఆపితే తిరగబెట్టడం.. ముల్లు మిగిలిపోయిన కీలు చాలావరకు ఇలాగే ఉంటుంది. లోపల ఉన్న ముల్లు ముక్కను శరీరం కరిగించుకోలేదు. దాని చుట్టూ కీలు పొర రేగుతూ, నీరు ఊరుతూ ఉంటుంది. ముల్లుతో పాటు బ్యాక్టీరియా, ఒక్కోసారి ఫంగస్ కూడా లోపలికి వెళ్తాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండకండి. ఇనుప ముక్క అయితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ముల్లు, కట్టె పేడు సాధారణంగా కనిపించవు. వాటికి చేయించాల్సింది అల్ట్రాసౌండ్ స్కాన్. అదీ కీళ్లు, కండరాలు చూసే ప్రోబ్‌తో. ముల్లు గుచ్చుకున్న చోటును పెన్నుతో గుర్తు పెట్టుకుని వెళ్లి, స్కాన్ చేసే డాక్టర్‌కు చూపించండి. అందులోనూ తేలకపోతే ఎమ్మారై అవసరం కావచ్చు.

ముక్క ఉన్నట్టు తేలితే ఆర్థోపెడిక్ సర్జన్ మత్తు ఇచ్చి, కీలు తెరిచి, దాన్ని తీసి, రేగిన పొరను శుభ్రం చేస్తారు. తీసిన పొరను బయాప్సీకి (మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష), కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) పంపమని మీరే అడగండి. ఫంగస్, టీబీ పరీక్షలు కూడా అందులో ఉండాలి. ఒక్క కీలు నెలల తరబడి వాచి ఉంటే మన దగ్గర టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే అవకాశం ఉంది. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొట్టమొదట ముల్లు సంగతి చెప్పండి. అది తేలేవరకు కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. నొప్పి మాత్రలు రోజూ మింగొద్దు, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి మరింత చేటు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే ఇన్‌ఫెక్షన్ త్వరగా ముదురుతుంది, ఆపరేషన్ గాయం మానడమూ ఆలస్యమవుతుంది.

ధనుర్వాతం టీకా గురించి మీరు రాయలేదు. చివరిగా వేయించుకుని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఇప్పుడైనా వేయించుకోండి. ఇప్పుడు ధనుర్వాతానికి మాత్రమే పనిచేసే టీటీ బదులు, డిఫ్తీరియా నుంచి కూడా కాపాడే టీడీ టీకా ఇస్తున్నారు. దవడ బిగుసుకుంటున్నా, వేలంతా ఉబ్బి చాచలేకపోతున్నా, చీము, జ్వరం వచ్చినా, ఎరుపు చేతి పైకి పాకుతున్నా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పల్లెల్లో ముల్లు దిగితే జిల్లేడు పాలు పోయడం, సున్నం పెట్టడం, మరో ముల్లుతో కెలకడం చూస్తుంటాం. దయచేసి మానేయండి. జిల్లేడు పాలు పొరపాటున కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. సబ్బు నీళ్లతో కడిగి, పైకి కనిపిస్తున్న ముల్లును శుభ్రమైన పట్టకారుతో గుచ్చుకున్న దారిలోనే వెనక్కి లాగాలి. బయటికి వచ్చిన ముల్లు కొస చూడండి. మొండిగా ఉంటే మిగతాది లోపల ఉన్నట్టే. కీలు మీద గుచ్చుకుంటే అసలు ఇంట్లో కెలకొద్దు.

కట్టెల పని మీరు పూర్తిగా మానక్కర్లేదు. కాకపోతే చెట్టు కొట్టిన రోజే, పచ్చిగా ఉన్నప్పుడే కంపనంతా కత్తితో నరికి వేరు చేయండి. ఎండిన ముల్లు పెళుసుగా ఉండి లోపలే విరుగుతుంది. మొద్దులు చీల్చేటప్పుడు, పేర్చేటప్పుడు మందపాటి తోలు గ్లౌజులు, గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. హవాయి చెప్పుల్లోంచి తుమ్మ ముల్లు సులువుగా దిగుతుంది. కట్టెలను ఇంటి గోడకు ఆనించకుండా, రాళ్ల మీద కాస్త ఎత్తులో, గాలి ఆడేలా పేర్చండి. కింది వరుసల్లో తేళ్లు, కట్లపాములు చేరతాయి కాబట్టి చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిపి చూడండి.

వేలు పూర్తిగా ముడిచి, చాచి, పిడికిలి నొప్పి లేకుండా బిగించగలిగేవరకు మాత్రం గొడ్డలి పట్టొద్దు. ఆపరేషన్ జరిగితే కుట్లు విప్పాక ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వేలి వ్యాయామాలు వదలకుండా చేయండి. చాలా రోజులు కదలకుండా ఉంచితే ఆ కణుపు బిగుసుకుపోతుంది.